రీడా, రైటా అని తేల్చే ముందు: డేటాబేస్ ప్రాక్సీలో ఎస్‌క్యూఎల్ వర్గీకరణను మెరుగుపరిచే పద్ధతి

రాతలు తీసుకునే ఒక ప్రైమరీ సర్వర్, దాని వెనక దాని నకళ్లుగా ఉండే రెండు మూడు రెప్లికాలు, అన్నిటికీ ముందు క్వెరీలని ఆయా సర్వర్లకి పంచే ఒక ప్రాక్సీ. ఇలాంటి సెటప్‌లో చాలామంది మొదట రాసే రూల్ ఒకటే: సెలెక్ట్‌తో మొదలైతే రెప్లికాకి, లేకపోతే ప్రైమరీకి. కాసేపటికి రెండో రూల్ వస్తుంది: సెలెక్ట్ అయినా సరే, చివర ఫర్ అప్‌డేట్ (చదివిన వరుసల మీద లాక్ వేయమనే మాట) ఉంటే ప్రైమరీకి. మైఎస్‌క్యూఎల్ కోసం ఉన్న ప్రాక్సీఎస్‌క్యూఎల్ అనే ప్రాక్సీ వాడేవాళ్లకి ఈ రెండు రెగెక్స్‌లూ (టెక్స్ట్‌ని పోల్చే నమూనాలు) కంఠతా వచ్చే ఉంటాయి. ఆ ప్రాజెక్టు డాక్యుమెంటేషన్ మాత్రం వీటిని యథాతథంగా ప్రొడక్షన్‌లో పెట్టొద్దనీ, డైజెస్ట్ (విలువలు తీసేసిన క్వెరీ రూపం) గణాంకాలు చూసి భారీ సెలెక్ట్‌లను ఒక్కొక్కటిగా మళ్లించమనీ చెబుతుంది. ఆ మాట చదివేలోపే చాలామంది రూల్స్ కాపీ చేసేసుకుంటారు.

ఆ రెండో రూల్ ఎక్కడ తప్పుతుందో చూడండి. 2018లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి ఫర్ అప్‌డేట్ తర్వాత స్కిప్ లాక్డ్ (లాక్ అయిన వరుసల్ని వదిలేయమని) అనో నోవెయిట్ (లాక్ కోసం ఆగొద్దని) అనో రాయొచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో స్కిప్ లాక్డ్ 9.5 నుంచే ఉంది. జాబ్ క్యూలు రాసేవాళ్లకి ఇది రోజువారీ వాడుక. రెగెక్స్‌లో ఫర్ అప్‌డేట్ పక్కన లైను చివరను సూచించే డాలర్ గుర్తు ఉంది కాబట్టి ఈ క్వెరీ ఆ రూల్‌కి దొరకదు. నేరుగా రెప్లికాకి వెళ్తుంది. ఫర్ షేర్, పాత లాక్ ఇన్ షేర్ మోడ్ సంగతీ అంతే.

రెగెక్స్‌ని సవరించుకుంటూ పోతే ఈ కథ తెగదు. ముందు ఒక విషయం ఖాయం చేసుకోవాలి: వర్గీకరణలో తప్పులన్నీ ఒకే బరువువి కావు. రీడ్‌ని పొరపాటున ప్రైమరీకి పంపితే కాస్త లోడ్ పెరుగుతుంది, అంతే. రైట్‌ని రెప్లికాకి పంపితే, అక్కడ రాతలు ఆపి ఉంటే, ఎర్రర్ వస్తుంది, ఎవరో ఒకరు చూస్తారు. పైకి రీడ్‌లా కనిపిస్తూ లాక్ తీసుకునే క్వెరీ, లేదా సెషన్‌లో (ఆ క్లయింట్ కనెక్షన్‌లో) అంతకుముందు జరిగినదాని మీద ఆధారపడే క్వెరీ రెప్లికాకి వెళ్తే ఎర్రర్ రాకుండానే తప్పు జవాబు రావొచ్చు. అది బయటపడేసరికి నెలలు పట్టొచ్చు. కింద చెప్పే పనులన్నీ ప్రధానంగా ఈ మూడో రకాన్ని పట్టుకోవడానికే.

పని మొదలుపెట్టే ముందు రెప్లికాలకు తాళం వేయండి

మైఎస్‌క్యూఎల్‌లో రీడ్_ఓన్లీ ఒక్కటే పెడితే అడ్మిన్ హక్కులున్న యూజర్లు ఇంకా రాయగలరు. 5.7.8 నుంచి ఉన్న సూపర్_రీడ్_ఓన్లీని ఆన్ చేయండి. పోస్ట్‌గ్రెస్ హాట్ స్టాండ్‌బైకి (చదవడానికి మాత్రమే తెరిచి ఉండే రెప్లికాకి) ఇది సహజంగానే ఉంటుంది. రాయబోతే 25006 కోడ్‌తో తిరస్కరిస్తుంది. దీంతో రెండో రకం తప్పులు మౌనంగా జరిగిపోవు, కేకలు పెడతాయి. ఆ ఎర్రర్ల సంఖ్యని ఒక గ్రాఫ్‌లో పెట్టుకోండి. ప్రాక్సీ ఎంత తరచుగా పొరబడుతోందో దానివల్ల ఒక అంచనా దొరుకుతుంది.

ఈ తాళం అన్నిటినీ ఆపదని గుర్తుంచుకోండి. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_అడ్వైజరీ_లాక్‌ని (అప్లికేషన్ తన అవసరానికి ఒక నంబరు మీద తీసుకునే లాక్) స్టాండ్‌బైలో పిలిస్తే చక్కగా పనిచేస్తుంది. కాకపోతే ఆ లాక్ ఆ ఒక్క సర్వర్‌కే పరిమితం. ప్రైమరీలో అదే నంబరుతో తీసుకున్న లాక్‌కీ దీనికీ సంబంధం ఉండదు. రాత్రి బ్యాచ్ ఒక్కటే నడవాలని లాక్ పెట్టుకున్నారనుకుందాం. ఒక వర్కర్ క్వెరీ మొదటి రెప్లికాకి, ఇంకో వర్కర్ క్వెరీ రెండో రెప్లికాకి వెళ్తే ఇద్దరికీ లాక్ దొరికినట్టే. బ్యాచ్ రెండుసార్లు నడుస్తుంది, ఏ లాగ్‌లోనూ ఎర్రర్ ఉండదు. మైఎస్‌క్యూఎల్‌లోని గెట్_లాక్ కూడా సర్వర్‌కి స్థానికమే, కాబట్టి అక్కడా ఇదే ప్రమాదం.

మీ దగ్గర నిజంగా ఏ క్వెరీలు నడుస్తున్నాయో చూడండి

క్వెరీని వ్యాకరణం ప్రకారం విడదీసి చదివే కొత్త పార్సర్ రాయాలన్న ఉత్సాహం వస్తుంది, కాసేపు ఆపుకోండి. పోస్ట్‌గ్రెస్ అయితే పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్, మైఎస్‌క్యూఎల్ అయితే పెర్ఫార్మెన్స్ స్కీమాలోని డైజెస్ట్ టేబుల్, ప్రాక్సీఎస్‌క్యూఎల్ అయితే స్టాట్స్_మైఎస్‌క్యూఎల్_క్వెరీ_డైజెస్ట్. వీటిలో విలువలు తీసేసిన క్వెరీ రూపాలు, ఒక్కోటి ఎన్నిసార్లు నడిచిందో అన్నీ ఉంటాయి. నెలాఖరు రిపోర్టులు, రాత్రి బ్యాచ్‌లు తప్పిపోకుండా కనీసం ఒక పూర్తి నెల డేటా తీయండి. వాటిని పక్కన పెట్టి, ఒక్కో రూపం ఇప్పుడు ఎక్కడికి వెళ్తోంది, నిజానికి ఎక్కడికి వెళ్లాలి అని రాసుకోండి. తర్వాత పరీక్షలకి ఈ పట్టికే ఆధారం. మొదటిసారి కూర్చుని రాసేటప్పుడు విసుగ్గానే ఉంటుంది, కానీ దీన్ని దాటేసి ముందుకు పోతే మార్పు మంచిదో చెడ్డదో చెప్పే మార్గం మీకు ఉండదు.

ఒక ముద్రకు బదులు కొన్ని జెండాలు

చాలా ప్రాక్సీల్లో వర్గీకరణ ఫలితం రీడ్ లేదా రైట్ అనే ఒకే మాట. ఇబ్బందంతా ఇక్కడే మొదలవుతుంది. ఒక స్టేట్‌మెంట్ గురించి విడివిడిగా అడగాల్సిన ప్రశ్నలు ఉన్నాయి: డేటా మారుస్తుందా, లాక్ తీసుకుంటుందా, సెషన్ స్థితిని మారుస్తుందా, సెషన్ స్థితి మీద ఆధారపడుతుందా, ట్రాన్సాక్షన్‌ని మొదలుపెట్టడమో ముగించడమో చేస్తుందా, అసలు మనకి పూర్తిగా అర్థమైందా. ఒక్కో ప్రశ్నకి ఒక్కో బిట్ కేటాయించండి. వర్గీకరణ ఈ బిట్లను నింపడంతో ఆగిపోవాలి. ఏ సర్వర్‌కి పంపాలనేది వాటిని చూసి రూటర్ తీసుకునే నిర్ణయం. ఈ రెండింటినీ ఒకే ఫంక్షన్‌లో కలిపేస్తే, రేపు పాలసీ మారినప్పుడల్లా పార్సింగ్ కోడ్‌లో వేలు పెట్టాల్సి వస్తుంది.

సెషన్ అక్షర ఎన్‌కోడింగ్‌ని మార్చే సెట్ నేమ్స్ లాంటివి ఉన్నాయి, అవి రీడూ కాదు, రైటూ కాదు. ఆ సెషన్ తాకే అన్ని సర్వర్లకీ వెళ్లాలి. సెలెక్ట్‌లోనే యూజర్ వేరియబుల్‌కి కోలన్-ఈక్వల్‌తో విలువ ఇస్తే అది రీడ్ కూడా, సెషన్‌ని మార్చేది కూడా. ఒక ముద్రలో ఇవి ఇమడవు.

అర్థమైందా అన్న చివరి బిట్ విషయంలో నా పట్టుదల ఒకటే: అర్థం కాకపోతే ప్రైమరీకి పంపండి, మినహాయింపు లేదు. మైఎస్‌క్యూఎల్ నుంచి చీలిన మారియాడీబీ వాళ్ల ప్రాక్సీ, మ్యాక్స్‌స్కేల్, ఇక్కడ మంచి పద్ధతి పాటిస్తుంది. స్టేట్‌మెంట్‌ని పూర్తిగా పార్స్ చేసిందా, కొంత వరకే చేసిందా, టోకెన్లు (విడి మాటలు, గుర్తులు) చూసి ఊహించిందా, అసలు చెల్లదా అని నాలుగు స్థాయిలుగా చెబుతుంది. ఆ స్థాయిని మీరూ దాచుకుంటే, ఏ క్వెరీల మీద కష్టపడాలో అదే చూపిస్తుంది.

టోకెన్ల దగ్గరే సగం తప్పులు

వ్యాకరణం దాకా పోనక్కర్లేదు, కామెంట్ ఎక్కడ ముగుస్తుందో తెలియకపోయినా చాలు, మొత్తం తప్పుతుంది. సెలెక్ట్ 5--1 అనే చిన్న క్వెరీని తీసుకోండి. పోస్ట్‌గ్రెస్‌కి రెండు గీతలు కామెంట్, జవాబు 5. మైఎస్‌క్యూఎల్‌లో గీతల తర్వాత ఖాళీ ఉంటేనే కామెంట్, కాబట్టి అక్కడ ఇది అయిదులోంచి మైనస్ ఒకటి తీసేయడం, జవాబు 6. పోస్ట్‌గ్రెస్‌లో స్లాష్-స్టార్ కామెంట్లు ఒకదానిలో ఒకటి ఉండొచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో మొదటి స్టార్-స్లాష్ దగ్గరే ముగుస్తుంది. హాష్ గుర్తు మైఎస్‌క్యూఎల్‌కి కామెంట్, పోస్ట్‌గ్రెస్‌కి ఆపరేటర్. పోస్ట్‌గ్రెస్‌లో డాలర్ గుర్తుల మధ్య రాసిన స్ట్రింగ్‌లో సెమికోలన్లూ కొటేషన్లూ ఏవైనా ఉండొచ్చు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మైఎస్‌క్యూఎల్‌లోని నడిచే కామెంట్. స్లాష్, స్టార్, వెంటనే ఆశ్చర్యార్థకం ఉంటే లోపలిది కామెంట్ కాదు, అమలయ్యే కోడ్:

సెలెక్ట్ * ఫ్రమ్ ఆర్డర్స్ వేర్ ఐడీ = 7 /*!80000 ఫర్ అప్‌డేట్ */

8.0 సర్వర్‌కి ఇది లాక్ తీసుకునే క్వెరీ, 5.7కి మామూలు రీడ్. కామెంట్లన్నీ తీసేసి శుభ్రం చేశాం అనుకునే ప్రాక్సీకి ఎప్పుడూ మామూలు రీడే. మారియాడీబీకి ఎమ్ అక్షరంతో ఇంకో రూపం కూడా ఉంది. సర్వర్ వెర్షన్‌తో పోల్చి లోపలి భాగాన్ని టోకెన్లుగా చదవడం సరైన పని. అంత ఓపిక లేకపోతే, ఇలాంటిది కనిపించిన ప్రతి స్టేట్‌మెంట్‌నీ అర్థం కానిదిగా గుర్తు పెట్టేయండి. దాన్ని మామూలు కామెంట్‌లా తీసిపారేయడం మాత్రం వద్దు.

సెషన్ సెట్టింగులు కూడా టోకెన్లను మారుస్తాయి. మైఎస్‌క్యూఎల్‌లో ఆన్సీ_కోట్స్ మోడ్ పెడితే డబుల్ కొటేషన్ల మధ్య ఉన్నది స్ట్రింగ్ కాదు, కాలమ్ పేరు. నో_బ్యాక్‌స్లాష్_ఎస్కేప్స్ పెడితే స్ట్రింగ్ ముగిసే చోటే మారుతుంది. అంటే టోకెనైజర్‌కి క్వెరీతో పాటు ఆ సెషన్ మోడ్ కూడా ఇవ్వాలి.

మొదటి మాట చూసి మోసపోకుండా: పార్సర్

పోస్ట్‌గ్రెస్ 9.1 నుంచి విత్ లోపల డేటాని మార్చే స్టేట్‌మెంట్ రాయొచ్చు:

విత్ పాతవి యాజ్ (డిలీట్ ఫ్రమ్ సెషన్స్ వేర్ గడువు < నౌ() రిటర్నింగ్ ఐడీ) సెలెక్ట్ కౌంట్(*) ఫ్రమ్ పాతవి

మొదట విత్ ఉంది, ముఖ్య స్టేట్‌మెంట్ సెలెక్ట్, పని మాత్రం డిలీట్. ఎక్స్‌ప్లెయిన్ చదవడానికే కదా అనుకుంటాం, కానీ ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ అంటే లోపలి స్టేట్‌మెంట్ నిజంగా నడుస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో సెలెక్ట్ ఇంటూ కొత్త టేబుల్‌ని తయారుచేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో సెలెక్ట్ ఇంటూ అవుట్‌ఫైల్ సర్వర్ డిస్క్ మీద ఫైల్ రాస్తుంది. పోస్ట్‌గ్రెస్ కాపీ కమాండ్ అయితే టు ఉందా, ఫ్రమ్ ఉందా అన్నదాన్ని బట్టి దిశే మారిపోతుంది. మరోవైపు బ్రాకెట్‌తో మొదలయ్యే సెలెక్ట్‌లూ, వేల్యూస్‌తో మొదలయ్యేవీ నిజమైన రీడ్‌లే అయినా, మొదటి మాట చూసే రూల్స్ వాటిని అనవసరంగా ప్రైమరీకి తోస్తాయి.

వీటన్నిటికీ సొంతంగా వ్యాకరణం రాయబోకండి. పోస్ట్‌గ్రెస్ కోసం లిబ్‌పీజీ_క్వెరీ ఉంది. సర్వర్ సోర్స్‌లోని పార్సర్‌నే బయటికి తీసి లైబ్రరీగా ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్ ప్రాక్సీ అయిన పీజీపూల్ కూడా సర్వర్ పార్సర్‌నే తెచ్చుకుని వాడుతుంది. మ్యాక్స్‌స్కేల్ తొలినాళ్లలో మైఎస్‌క్యూఎల్ ఎంబెడెడ్ లైబ్రరీని వాడి, తర్వాత ఎస్‌క్యూలైట్ పార్సర్‌ని మారియాడీబీ వ్యాకరణానికి తగ్గట్టు సవరించుకుంది. పార్స్ ట్రీ చేతికి వచ్చాక పని తేలిక: పై నోడ్ ఒక్కదాన్నే చూసి ఆగకుండా చెట్టంతా నడిచి, మార్చే నోడ్, లాక్ క్లాజ్, ఇంటూ ఎక్కడ కనిపించినా ఆ జెండా ఎత్తాలి.

ఫంక్షన్లు: పార్సర్‌కి కనిపించని రైట్

సెలెక్ట్ నెక్స్ట్‌వాల్('ఆర్డర్_సీక్వెన్స్') అనేది వ్యాకరణం ప్రకారం పక్కా రీడ్. నిజానికి సీక్వెన్స్‌ని (వరస నంబర్లు ఇచ్చే కౌంటర్‌ని) ముందుకి జరుపుతుంది. పార్సర్ ఎంత గొప్పదైనా ఫంక్షన్ లోపల ఏముందో దానికి తెలియదు. దానికి కేటలాగ్ (డేటాబేస్ తన ఫంక్షన్లు, టేబుళ్ల వివరాలు దాచుకునే చోటు) కావాలి.

పోస్ట్‌గ్రెస్ ఇక్కడ కొంత సాయం చేస్తుంది. ప్రతి ఫంక్షన్‌కీ ఇమ్మ్యూటబుల్ (ఫలితం ఎప్పుడూ మారదు), స్టేబుల్ (ఒక స్టేట్‌మెంట్‌లో మారదు), వోలటైల్ (ఎప్పుడైనా మారొచ్చు, డేటానీ మార్చొచ్చు) అనే గుర్తుల్లో ఒకటి ఉంటుంది. ఏమీ రాయకపోతే వోలటైల్. వోలటైల్ కనిపిస్తే ప్రైమరీకి అనే నియమం నెక్స్ట్‌వాల్‌నీ, అడ్వైజరీ లాక్‌లనీ, సెట్_కాన్ఫిగ్‌నీ ఒకే దెబ్బకి పట్టుకుంటుంది. పీజీపూల్ కూడా దాని రీడ్, రైట్ ఫంక్షన్ల జాబితాలు రెండూ ఖాళీగా ఉంటే కేటలాగ్‌నే అడుగుతుంది. కాకపోతే ర్యాండమ్ కూడా వోలటైలే. దానివల్ల నష్టమేమీ లేకపోయినా ఆ క్వెరీలన్నీ ప్రైమరీకి వెళ్తాయి. ఇలాంటి నిరపాయకరమైన వాటికి ఒక చిన్న మినహాయింపు జాబితా పెట్టుకోవాలి. ఇంకో లొసుగు: స్టేబుల్ అని గుర్తు పెట్టిన ఫంక్షన్‌లో నేరుగా ఇన్సర్ట్ రాయనివ్వదు గానీ, అది ఇంకో వోలటైల్ ఫంక్షన్‌ని పిలిస్తే పోస్ట్‌గ్రెస్ ఆపదు.

మైఎస్‌క్యూఎల్‌లో పరిస్థితి ఇంకా అధ్వానం. స్టోర్డ్ ఫంక్షన్ మీద రీడ్స్ ఎస్‌క్యూఎల్ డేటా అని రాసి ఉన్నా అది సూచన మాత్రమే, లోపల ఏం చేస్తుందన్నదాన్ని సర్వర్ దాన్ని బట్టి అడ్డుకోదు. కాబట్టి బిల్టిన్ ఫంక్షన్లలో సురక్షితమైన వాటి జాబితా ఒకటి చేసుకుని, అందులో లేని ఏ పేరు కనిపించినా ప్రైమరీకి పంపడమే మేలు. నిషేధించేవాటి జాబితా పెట్టుకుంటే, ఎవరో రేపు కొత్త ఫంక్షన్ రాసినప్పుడు మీకు తెలియకుండానే అది రెప్లికాకి వెళ్తుంది. వ్యూల సంగతి కూడా మర్చిపోవద్దు. వ్యూ పేరు వెనక ఏ ఫంక్షన్ ఉందో క్వెరీలో కనిపించదు.

సెషన్, ట్రాన్సాక్షన్: ఊహించకండి, సర్వర్‌ని వినండి

ట్రాన్సాక్షన్ మొదలైతే ముగిసేదాకా ప్రైమరీలోనే ఉండాలని అందరికీ తెలుసు. ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది అన్నదే చిక్కు. ఆటోకమిట్ (ప్రతి స్టేట్‌మెంట్‌నీ దానంతటదే కమిట్ చేసే సెట్టింగ్) ఆపేస్తే బిగిన్ లేకుండానే మొదలవుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో క్రియేట్ టేబుల్ లాంటివి చడీచప్పుడు లేకుండా కమిట్ చేసేస్తాయి. కమిట్ అండ్ చెయిన్ ముగించి, ఆ వెంటనే కొత్తది మొదలుపెడుతుంది. మారియాడీబీలో బిగిన్ నాట్ అటామిక్ అంటే అసలు ట్రాన్సాక్షనే కాదు, ప్రోగ్రామ్ బ్లాక్.

వీటన్నిటినీ ప్రాక్సీలో మళ్లీ రాసే బదులు జవాబుల్లోంచి తీసుకోండి. పోస్ట్‌గ్రెస్ పంపే రెడీ ఫర్ క్వెరీ సందేశంలో ఒక అక్షరం ఉంటుంది: ఖాళీగా ఉంటే 'ఐ' (I), ట్రాన్సాక్షన్‌లో ఉంటే 'టీ' (T), విఫలమైన ట్రాన్సాక్షన్ అయితే 'ఈ' (E). మైఎస్‌క్యూఎల్ ఓకే ప్యాకెట్ స్టేటస్‌లో ట్రాన్సాక్షన్‌కి ఒక బిట్, ఆటోకమిట్‌కి ఒక బిట్ ఉంటాయి. 5.7 నుంచి సెషన్ ట్రాకింగ్ ఆన్ చేస్తే ఏ వేరియబుల్ మారిందో కూడా సర్వరే చెబుతుంది. క్లయింట్ జవాబు కోసం ఆగకుండా వరసగా పంపేటప్పుడు మాత్రం మన అంచనా అవసరమవుతుంది. జవాబు వచ్చాక అంచనాతో పోల్చి, తేడా వస్తే లాగ్ చేయండి. వర్గీకరణలో మిగిలిన లోపాలు ఆ లాగ్‌లోనే దొరుకుతాయి.

సెషన్ మీద ఆధారపడేవాటిలో మైఎస్‌క్యూఎల్‌లోని లాస్ట్_ఇన్సర్ట్_ఐడీ (చివరి ఇన్సర్ట్‌కి దానంతటదే వచ్చిన ఐడీ) పేరుమోసినది. అది కనెక్షన్‌కి సంబంధించిన విలువ. రెప్లికా కనెక్షన్‌లో అడిగితే సున్నా వస్తుంది, లేదా అంతకుముందు ఆ కనెక్షన్‌లో మిగిలిపోయిన విలువ వస్తుంది. కనెక్షన్లని క్లయింట్ల మధ్య పంచే ప్రాక్సీలో అది వేరేవాళ్ల ఐడీ అయ్యే అవకాశం ఉంది. ఆర్డర్ ఒకరిది, ఐటెమ్స్ ఇంకొకరివి. రో_కౌంట్, ఫౌండ్_రోస్, షో వార్నింగ్స్, టెంపరరీ టేబుళ్లు కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఇవి కనిపించినప్పుడు ప్రైమరీకి పంపితే సరిపోదు, అంతకుముందు స్టేట్‌మెంట్ నడిచిన అదే కనెక్షన్‌కి పంపాలి.

ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ల (ముందే పంపి, తర్వాత విలువలిచ్చి నడిపేవాటి) విషయం చిన్నది. ప్రిపేర్ సమయంలోనే జెండాలు లెక్కగట్టి ఐడీతో పాటు దాచుకోండి, ఎందుకంటే ఎగ్జిక్యూట్ ప్యాకెట్‌లో క్వెరీ టెక్స్ట్ ఉండదు. వేరియబుల్‌లోంచి ప్రిపేర్ చేస్తే లోపల ఏముందో తెలిసే దారి లేదు కాబట్టి ప్రైమరీకే. ఒకే ప్యాకెట్‌లో సెమికోలన్లతో చాలా స్టేట్‌మెంట్లు వస్తే అన్నిటి జెండాలనీ కలిపి ఒకటిగా చూడాలి.

క్యాష్: వేగం కోసం పెట్టుకుంటే అసలుకే మోసం రాకుండా

ప్రతిసారీ పూర్తి పార్సింగ్ అంటే సీపీయూ ఖర్చు. అందుకే విలువల స్థానంలో ప్రశ్నార్థకం పెట్టి, ఆ రూపానికి ఫలితాన్ని దాచుకుంటాం. ఒకే అప్లికేషన్‌లో క్వెరీ రూపాలు పరిమితంగానే ఉంటాయి కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది. ఇన్ జాబితాలో ఎన్ని విలువలున్నా ఒకే రూపంగా మడవండి, లేకపోతే జాబితా పొడవుకో ఎంట్రీ చేరి క్యాష్ నిండిపోతుంది.

ఇక్కడ పెద్ద ఉచ్చు ఒకటుంది. సెట్ ఆటోకమిట్ = 0, సెట్ ఆటోకమిట్ = 1, ఈ రెండూ విలువ తీసేశాక సెట్ ఆటోకమిట్ = ? అయిపోతాయి. మొదట ఏది వచ్చిందో దాని ఫలితమే రెండోదానికీ అంటుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ సెట్_కాన్ఫిగ్‌లో మూడో విలువ ట్రూ అయితే మార్పు ఆ ట్రాన్సాక్షన్‌కే, ఫాల్స్ అయితే సెషన్ మొత్తానికి. ఇలా విలువను బట్టి అర్థం మారే స్టేట్‌మెంట్లని క్యాష్‌లో పెట్టకండి. సెట్‌తో మొదలయ్యేవి అన్నీ బయట ఉంచినా నష్టం పెద్దగా ఉండదు.

క్యాష్ కీలో క్వెరీ రూపంతో పాటు ఎస్‌క్యూఎల్ మోడ్, సర్వర్ వెర్షన్, డిఫాల్ట్ స్కీమా లేదా సెర్చ్ పాత్ (పేర్లను ఏ స్కీమాల్లో వెతకాలో చెప్పే సెట్టింగ్) కూడా ఉండాలి. ఫంక్షన్ పేరు ఏ స్కీమాలోదో సెర్చ్ పాత్ మీద ఆధారపడుతుంది కదా. ఎవరైనా ఫంక్షన్‌ని మార్చి రాస్తే పాత ఫలితం చెల్లదు, కాబట్టి ఎంట్రీలకి గడువు పెట్టండి.

పరీక్ష: న్యాయమూర్తి సర్వరే

మొదట్లో తయారు చేసిన పట్టిక ఇప్పుడు పనికొస్తుంది. దాన్ని చేత్తో సరిచూసుకోవడంతో పాటు, టెస్ట్ సర్వర్‌లో ఒక్కో క్వెరీని రీడ్ ఓన్లీ ట్రాన్సాక్షన్‌లో నడపండి. రైట్ అయితే పోస్ట్‌గ్రెస్ 25006 అంటుంది, మైఎస్‌క్యూఎల్ 1792 ఎర్రర్ ఇస్తుంది. మీ వర్గీకరణ రీడ్ అన్నదాన్ని సర్వర్ తిరస్కరిస్తే తప్పు దొరికినట్టే. టెంపరరీ టేబుళ్లలోకి రాయడాన్నీ, అడ్వైజరీ లాక్‌లనీ ఈ పరీక్ష పట్టుకోదు. వాటికి విడిగా కేసులు రాసుకోక తప్పదు.

తర్వాత అవే క్వెరీలని కాస్త చెడగొట్టి నడపండి: మాటల మధ్య కామెంట్లు, కొత్త లైన్లు, ట్యాబ్‌లు, కలగాపులగంగా పెద్ద చిన్న అక్షరాలు, ముందు బ్రాకెట్లు, స్ట్రింగ్ లోపల ఫర్ అప్‌డేట్ అన్న మాటలు. అర్థం మారని మార్పుకి జెండాలు మారకూడదు. రెగెక్స్ రూల్స్ ఎక్కువగా ఈ దశలోనే కూలిపోతాయి.

ప్రొడక్షన్‌లోకి తెచ్చేటప్పుడు కొత్త వర్గీకరణని పాతదాని పక్కన నీడలా నడపండి. దారి పాతదే చూపిస్తుంది, తేడా వచ్చిన డైజెస్ట్‌లు మాత్రం లాగ్‌లోకి వెళ్తాయి. ఆ తేడాలని రెండు కుప్పలు చేయండి. పాతది రెప్లికా అన్నదాన్ని కొత్తది ప్రైమరీ అంటే, అది సురక్షితమైన మార్పు. ప్రైమరీకి ఆ లోడ్ తట్టుకునే శక్తి ఉందో లేదో చూసుకుని వెంటనే అమలు చేయొచ్చు. పాతది ప్రైమరీ అన్నదాన్ని కొత్తది రెప్లికా అంటే, ఒక్కో డైజెస్ట్‌నీ మనిషి కళ్లతో చూసి ఒప్పుకున్నాకే వదలండి. ఈ రెండో కుప్పలో ఇంకో ప్రశ్న కూడా అడగాలి: ఇది ఇప్పుడే రాసినదాన్ని వెంటనే చదివే క్వెరీయా? వర్గీకరణ నూటికి నూరుపాళ్లు సరైనదైనా రెప్లికా వెనకబడి ఉంటే పాత డేటానే వస్తుంది. దానికి మందు మ్యాక్స్‌స్కేల్‌లోని కాజల్ రీడ్స్, ప్రాక్సీఎస్‌క్యూఎల్‌లోని జీటీఐడీ (ట్రాన్సాక్షన్ గుర్తింపు సంఖ్య) ట్రాకింగ్ లాంటివి, పార్సర్ కాదు.

అంతా అయ్యాక, అర్థం కాలేదు అన్న బిట్‌కి ఒక కౌంటర్ పెట్టి అలర్ట్ కట్టండి. డేటాబేస్ సర్వర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చిన కొద్ది రోజులకే, డెవలపర్లు కొత్త సింటాక్స్ వాడటం మొదలుపెట్టగానే అది పెరుగుతుంది. ప్రాక్సీలోని పార్సర్‌ని కూడా అప్‌గ్రేడ్ చేయాల్సిన సమయం వచ్చిందని ముందుగా చెప్పేది ఆ కౌంటరే. అప్పటిదాకా ఆ క్వెరీలు ప్రైమరీలోనే నడుస్తూ ఉంటాయి.